ఇనుప కంటైనరు గోదాము – ఆస్తి పన్ను

ఓడలలో సరుకు రవాణాకు వాడి విడిచిన ఇనుప కంటైనరులను ఇటీవల కొందరు రైతులు కొని, పట్టణపు శివార్లలో రోడ్డు ప్రక్కనున్న వాణిజ్య స్థలములలో ఉంచుకొనుచున్నారు. స్ప్రేయరులు, డ్రిప్పు పైపులు, టార్పాలిన్లు వీనిలో భద్రముగా ఉండును. ఎలుకల బాధ, దొంగల భయము తక్కువ. ఇరువది అడుగుల పెట్టె నేలపై సుమారు 160 చదరపు అడుగుల చోటు ఆక్రమించును. "దీనికి పునాది లేదు, కనుక పన్ను లేదు" అని అమ్మువారు చెప్పుదురు. ఆ ఒక్క మాట నమ్మి పెట్టె కొనినచో పిమ్మట బకాయి నోటీసు అందుకొనవలసి రావచ్చును.

పునాది ఒక్కటే గీటురాయి కాదు

పెట్రోలు నిలువచేయు పెద్ద టాంకులపై ఆస్తి పన్ను విషయమున బొంబాయి నగరపాలక సంస్థకును, ఇండియన్ ఆయిల్ కార్పొరేషనుకును నడిచిన వ్యాజ్యములో 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ టాంకులను బోల్టులతో నేలకు బిగించలేదు. అవి తమ బరువుతోనే నిలిచియుండెను. అయినను అవి స్థిరముగా నెలకొల్పినవి గనుక పన్నునకు లోబడునని కోర్టు నిర్ణయించినది. ఒక వస్తువును ఉన్నదున్నట్లుగా వేరొకచోటికి తరలించి వాడుకొనవచ్చునా, లేక విప్పి తిరిగి నిలుపవలెనా? మొదటిదైనచో అది చరాస్తి. రెండవదైనచో నేలకు అంటియున్నట్లే. కోర్టు చూపిన గీటురాయి ఇది.

మీ పెట్టె ఏ కోవకు చెందును?

నాలుగు చెక్క దిమ్మెలపై ఉంచిన ఒంటి పెట్టెను క్రేనుతో ఎత్తి, అట్లే లారీపై వేసి తీసికొనిపోవచ్చును. ఇది చరాస్తి యని వాదించుటకు మీకు ఆధారము కలదు. సిమెంటు దిమ్మెకు వెల్డింగు చేసి, రెండు పెట్టెలను కలిపి, పైన రేకుల కప్పు వేసినచో ఆ వాదము నిలుచుట కష్టము. ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టము (1965) భవనమునకు ఇచ్చిన నిర్వచనములో లోహముతో కట్టిన షెడ్డు కూడ చేరియున్నది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము "ఇల్లు" అను మాటలో గిడ్డంగిని కూడ చేర్చినది. కనుక ఇనుముతో చేసినదన్న కారణమున పన్ను తప్పదు.

నేలపై పన్ను వేరు

పెట్టెపై పన్ను లేకున్నను స్థలముపై ఉండవచ్చును. ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘములలో, కేవలము వ్యవసాయమునకే వాడుకొనని, భవనములు లేని స్థలముపై ఖాళీ స్థలపు పన్ను కలదు. మీరు అందులో సేద్యపు సామాను ఉంచినంత మాత్రమున ఆ స్థలము సేద్యపు భూమి కాజాలదు.

రైతులు తీసికొనవలసిన జాగ్రత్తలు

1. పెట్టె దించకముందే పురపాలక కార్యాలయములో గాని, పంచాయతీ కార్యదర్శి వద్ద గాని దరఖాస్తు ఇచ్చి, వ్రాతపూర్వకముగా జవాబు పొందుడు.

2. స్థలము కౌలుదైనచో ఏ పన్ను ఎవరు చెల్లించవలెనో కౌలు పత్రములో వ్రాయించుకొనుడు.

3. కొనుగోలు బిల్లు, క్రేను రసీదు, పెట్టె నిలిపిన తీరును చూపు ఫోటో దాచుకొనుడు.

4. నోటీసు వచ్చినచో మిన్నకుండరాదు. అందలి కొలతలు, వాడుక వివరము సరిచూచుకొనుడు. సొంత సామాను దాచుకొను పెట్టెను దుకాణముగా వ్రాసియుండవచ్చును. తప్పున్నచో నోటీసులో చెప్పిన గడువులోపల వ్రాతపూర్వకముగా ఆక్షేపణ తెలుపుడు.

5. పన్ను రసీదు యాజమాన్య హక్కు పత్రము కాదు. నిర్మాణమునకు అనుమతియు కాదు.

పెట్టె ధరకు క్రేను కూలి, స్థలపు అద్దె, ఏటేటి పన్ను కలిపి చూచుకొనుడు. మీ పొలముననే చిన్న షెడ్డు వేసికొనుటకగు ఖర్చుతో పోల్చి, పిమ్మట నిర్ణయించుకొనుడు. ఒక్క మాట మరువరాదు: పెట్టె కొనినను విత్తనములు మాత్రము అందులో దాచకుడు. వేసవిలో ఇనుము కాగి లోపల వేడి పెరిగి, విత్తనముల మొలకశక్తి తగ్గును. పన్ను తప్పించుకొంటిమని సంతోషించి, విత్తనము పోగొట్టుకొనుట లాభసాటి బేరము కాదు.