ధమ్మ పాఠం: ఊపిరిని గమనిస్తే ముసలితనం ఆగుతుందా?



ఈమధ్య ఫోన్లలో ఒక మాట బాగా తిరుగుతోంది. రోజూ ధ్యానం చేస్తే హార్మోన్లు మారిపోతాయట, వయసు వెనక్కి పోతుందట, ఇక మందులే అక్కర్లేదట. అది విని మనవాళ్ళు కొందరు షుగరు బిళ్ళలు మానేద్దామా అని అడుగుతున్నారు. ఎవరో చెప్పారని నమ్మొద్దు, మీరే పరీక్షించి చూసుకోండి అని బుద్ధుడు కాలాములకు బోధించాడు. ఈ మాటనూ అలాగే పరీక్షిద్దాం.

ఒత్తిడి శరీరాన్ని ఏం చేస్తుంది?

దారిలో పాము కనబడిందనుకోండి. నరాల ద్వారా కబురు అందగానే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. ఇవి మూత్రపిండాల పైన టోపీల్లా ఉంటాయి. గుండె దడదడ కొట్టుకుంటుంది. ఆ వెంటనే మెదడులోని హైపోథాలమస్, పిట్యూటరీల ద్వారా ఇంకో కబురు వచ్చి కార్టిసాల్ విడుదలవుతుంది. రక్తంలో చక్కెర పెరిగి పరుగెత్తే శక్తి వస్తుంది. పాము పోయాక అంతా సర్దుకుంటుంది. ఇది ప్రాణం కాపాడే ఏర్పాటు.

కానీ అద్దె ఇల్లు అడిగితే ముందు కులం అడిగేవాళ్ళున్న చోట, ఆఫీసులో వెనక నవ్వేవాళ్ళున్న చోట, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్న చోట ఆ పాము ఎప్పటికీ పోదు. ఒత్తిడి ఏళ్ళ తరబడి సాగితే నిద్ర చెడుతుంది. బీపీ, షుగరు అదుపు తప్పవచ్చు. రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. అవమానం మనసుకే కాదు, ఒంటికీ తగులుతుంది.

ఊపిరి ఎక్కడ పనిచేస్తుంది?

ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఇందులో వేగస్ నాడిది ముఖ్యమైన పాత్ర. పెద్దవాళ్ళు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. దాన్ని 6 సార్లకు తగ్గించి నెమ్మదిగా వదిలితే శరీరం విశ్రాంతి వైపు మళ్ళుతుంది. ధ్యానం వల్ల కార్టిసాల్ తగ్గినట్టు కొన్ని పరిశోధనలు చూపాయి. కొన్నింటిలో పెద్ద తేడా కనబడలేదు.

ఇక వయసు సంగతి. మన కణాల్లోని క్రోమోజోముల చివర్లలో టెలోమియర్లుంటాయి, బూటు లేసు చివర ప్లాస్టిక్ తొడుగులాగ. కణం విభజన చెందే కొద్దీ అవి పొట్టివవుతాయి. వీటి మీద పనికి ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ వచ్చింది. దీర్ఘకాలం జబ్బుతో ఉన్న పిల్లల్ని సాకే తల్లుల్ని బ్లాక్‌బర్న్, ఎలిసా ఎపెల్ బృందం పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించింది. ఎక్కువ ఒత్తిడి అనుభవించిన తల్లుల టెలోమియర్లు పొట్టిగా కనబడ్డాయి. ధ్యానం వీటికి మేలు చేయవచ్చని తర్వాత వచ్చిన కొన్ని చిన్న పరిశోధనలు సూచించాయి. అంతమాత్రాన వయసు వెనక్కి పోతుందని అనలేం.

బుద్ధుడూ ముసలివాడయ్యాడు

ఆనాపానసతిని నేర్పిన బుద్ధుడే 80వ ఏట తన శరీరాన్ని పట్టీలతో కట్టి నడిపించే పాత బండితో పోల్చుకున్నాడు. నడుం నొప్పి వస్తే ఉపదేశం కొనసాగించమని శిష్యుడికి అప్పగించి నడుం వాల్చాడు. జర అందరికీ తప్పదు. ముసలివాణ్ణి చూసి గౌతముడు ఇల్లు వదిలాడన్న కథను బాబాసాహెబ్ ‘బుద్ధుడు - అతని ధమ్మము’లో ఒప్పుకోలేదు. రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులకు, కోలీయులకు వచ్చిన తగాదాను కారణంగా చూపాడు. అంటే మనిషి మనిషికి కలిగించే దుఃఖమే అసలు ప్రశ్న. దాన్ని ఎదుర్కోవాలంటే కోపంలో కాలిపోని మనసు కావాలి. ధ్యానం అందుకు. అన్యాయాన్ని మరిచిపోయి కళ్ళు మూసుకోవడానికి కాదు.

ఎలా చేయాలి?

త్రిశరణ పంచశీలాల తర్వాత వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీ చాలు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. ఇది ఒంటిని కుదుటపరచే వ్యాయామం మాత్రమే.

తర్వాత లెక్క వదిలేయండి. ఇక్కడ ఆనాపానసతి మొదలవుతుంది. ఊపిరి పొడవుగా ఉంటే పొడవని, పొట్టిగా ఉంటే పొట్టి అని తెలుసుకోవడమే పని. మనసు ఎటో పోతే తిట్టుకోకుండా మళ్ళీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోండి.

తల తిరిగితే ఆపేయండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. బీపీ, షుగరు బిళ్ళలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానొద్దు.

విహారంలో చర్చించండి

1. ఈ వారం మీ ఊపిరిని మార్చేసిన సంఘటన ఏది?
2. అందులో మీ మనసు సరిచేసుకోవలసింది ఎంత, అందరం కలిసి నిలబడి సరిచేయవలసింది ఎంత?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!