పాలారు పరీవాహకంలో రేపటి సాగుభూమి

వానలు తగ్గితే సాగు తగ్గుతుందనే మాటలో సగమే నిజం. వేలూరు, గుడియాత్తం ప్రాంతాల పొలాల భవిష్యత్తును తెలుసుకోగోరువారు ముందుగా విరించిపురం వద్ద పాలారును గమనించాలి. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి ఆంధ్రప్రదేశ్ మీదుగా ప్రవహించే ఈ నది ఇక్కడ ఏడాదిలో అధికభాగం ఇసుకమేటగానే కనిపిస్తుంది. దాని నీరు ఇసుక అడుగున దాగి ఉంటుంది. పూర్వం ఊటకాలువలు, నేడు గొట్టపుబావులు ఆ నీటినే మడులకు చేరుస్తున్నాయి. ఇసుక తవ్వుకుపోయిన చోట ఆ నిల్వ తరిగితే, అందుకు వానను నిందించి ప్రయోజనం లేదు.

వాతావరణం ఒక డిగ్రీ వేడెక్కితే గాలి నిలుపుకోగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. కనుక మొత్తం వర్షపాతం తగ్గకపోయినా అది కొద్ది రోజుల్లోనే కుండపోతగా కురిసే అవకాశం హెచ్చు. 2021 నవంబరులో పాలారు పొంగి పారింది. అటువంటి వరదలో నేలలోకి ఇంకేది స్వల్పం, సముద్రానికి పోయేది అధికం. గుడియాత్తం రైతులకు ఆధారమైన మోర్దానా ఆనకట్ట నిండాలన్నా ఎగువన ఆంధ్ర కొండల్లో వాన సమంగా కురవాలి.

ఇక మనుషుల సంగతి. యువకులు వేలూరు ఆసుపత్రులకు, ఆంబూరు చెప్పుల కర్మాగారాలకు పనికి వెళ్తున్నారు. నాట్ల వేళకు కూలీలు దొరకని రైతు వరిమడిని టెంకాయతోటగా మార్చడం సహజమే. అయితే వేరుశనగ వేసినవాడు మూడున్నర నెలల్లో మనసు మార్చుకోగలడు. తోట వేసినవాడు దశాబ్దాలపాటు ప్రతి వేసవిలోనూ నీరు పెట్టవలసిందే. నీరు చాలక తోట ఎండితే తరువాత ఆ నేల ఇళ్ల స్థలమవుతుంది. అక్కడి నుండి వెనుకకు దారి లేదు.

నేల చెడడానికి వాతావరణమే కారణం కానక్కరలేదు. ఈ ప్రాంతపు తోళ్ల కర్మాగారాల కాలుష్యంపై 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయిందన్న సర్వే ప్రస్తావన ఉంది.

విరించిపురంలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధనా కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. తోట వేయదలచినవారు అక్కడ మట్టి, నీటి పరీక్షల గురించి ముందుగా విచారించవచ్చు. బావిలో నీటిమట్టాన్ని మాత్రం కార్తీకమాసంలో కాక, మే నెలలో కొలవాలి.