శ్యామదేశమున రాజభక్తి

బంగాళాఖాతమునకు తూర్పున, బర్మాకు ఆవల, థాయిలాండు అను దేశము కలదు. దీనిని పూర్వము సయామనిరి. మన పెద్దలు శ్యామదేశమనిరి. 1939 వ సంవత్సరమున దీనికి తొలిసారిగా థాయిలాండను పేరు పెట్టిరి. ఆ దేశపు రాజధానియైన బాంకాకు నగరమున కొలది దినములు గడపు భాగ్యము నాకు కలిగెను. అచటి ఆలయములు, కాలువలు, పండ్ల అంగళ్లు చూడదగినవే. కాని నా మనస్సున గాఢముగా నాటుకొన్నది ఆ ప్రజలకు తమ రాజకుటుంబముపై గల గౌరవము.

విమానము దిగినది మొదలు మన భాషలోని మాటలే అచట చెవిని పడును. విమానాశ్రయము పేరు సువర్ణభూమి. ఆ పేరు పెట్టినవాడు ఆ దేశపు రాజే. లోపల దేవదానవులు క్షీరసాగరమును మథించుచున్నట్లు ఒక గొప్ప శిల్పము కలదు. పూర్వపు రాజధాని అయుధ్యకు మన అయోధ్య పేరే మూలము. 1767 లో బర్మావారి దండయాత్రవలన ఆ నగరము నాశనమయ్యెను. తరువాత 1782 లో చక్రీ వంశపు మొదటి రాజు బాంకాకును రాజధానిగా చేసికొనెను. ఆ వంశపు రాజులను మొదటి రాముడు, రెండవ రాముడు అని వరుసగా లెక్కింతురు. 2016 లో రాజైన వజిరలాంగ్‌కోర్న్ పదవ రాముడు. ఆయన పేరున వజ్రము, అలంకారము అను రెండు శబ్దములును దాగియున్నవి.

వీథులలో నడచునపుడు కూడళ్లయందు రాజు, రాణి పటములు పూలతో అలంకరింపబడి కనిపించును. భోజనశాలలలో, మందుల అంగళ్లలో, చిన్న చిన్న టీకొట్లలో సైతము గోడమీద రాజుగారి పటము ఉండును. ఆ పటమును తక్కిన వస్తువులకంటె ఎత్తున వ్రేలాడదీయుదురు. థాయి ప్రజలకు శిరస్సు పవిత్రము, పాదము నీచస్థానము. కావున నేలపై దొర్లిపోవు నాణెమును కాలితో త్రొక్కి ఆపరాదని కొత్తగా వచ్చినవారికి ముందే చెప్పుదురు. నాణెముపై రాజు ముఖము ఉండుటయే అందులకు కారణము.

ఒక సాయంకాలము లుంబినీ ఉద్యానవనమునకు పోయితిని. బుద్ధుడు జన్మించిన వనము పేరే దానికి పెట్టిరి. దాని ద్వారమువద్ద ఆరవ రాముని విగ్రహము కలదు. వనమున వందలకొలది జనులు నడచుచు, పరుగెత్తుచు, వ్యాయామము చేయుచు ఉండిరి. సరిగా ఆరు గంటలకు జాతీయగీతము వినవచ్చెను. పరుగెత్తువారు ఉన్నచోటనే నిలిచిపోయిరి. పిల్లలు ఆటలు మానిరి. గీతము ముగియగానే మరల ఎవరి పనిలో వారు నిమగ్నులైరి. ఉదయము ఎనిమిది గంటలకు, సాయంకాలము ఆరు గంటలకు ఆ దేశమున ఇట్లు గీతము వినిపింతురు. ఇది దేశమునకు సంబంధించినది. రాజును స్తుతించు గీతము వేరొకటి కలదు. దానిని సినిమా ప్రారంభమునకు ముందు వినిపింతురు.

రాజకుటుంబమును గూర్చి మాటాడుటకు థాయి భాషలో ప్రత్యేకమైన పదజాలమే కలదు. దానిపేరు 'రాచాసప్'. ఇది మన 'రాజశబ్ద'మే. రాజు తినుట, నిద్రించుట, నడచుట మున్నగువాటికి సంస్కృత, పాళీ, ఖ్మేరు భాషలనుండి వచ్చిన వేరు మాటలు వాడుదురు. రాజుతో మాటాడువాడు ఆయనను నేరుగా సంబోధింపక, ఆయన పాదధూళిని ఉద్దేశించి మాటాడును. మన పూర్వులు గురువులకు లేఖ వ్రాయునపుడు వారి పాదపద్మములకు నమస్కరించి మొదలిడుట మీరు వినియుందురు. భావము ఒక్కటే.

ఇంతటి గౌరవము ఎట్లు కలిగెను? సింహాసనముపై కూర్చుండుటవలననే కలిగెనా? ఈ ప్రశ్నకు సమాధానము తొమ్మిదవ రాముడైన భూమిబోల్ చరిత్రలో కొంత దొరకును. ఆయన పేరు భూమిబల అతుల్యతేజుడని మనము చదువుకొనవచ్చును. అన్నగారి మరణముతో 1946 లో, పదునెనిమిదవ యేట, ఆయన రాజయ్యెను. అప్పటికే, అనగా 1932 నుండి, దేశమున రాజ్యాంగబద్ధమైన పాలన సాగుచుండెను. రాజునకు నిరంకుశాధికారము లేదు. ఆయన చేతిలో దేశపటము, మెడలో ఛాయాగ్రహణ యంత్రము ధరించి, కొండలు, పల్లెలు తిరిగెను. అనావృష్టి ప్రాంతములలో మేఘములనుండి వర్షము కురిపించు ప్రయోగములను ప్రోత్సహించెను. ఉత్తరపు కొండజాతులు నల్లమందు పంటను వదలి పండ్లు, కూరగాయలు, కాఫీ పండించునట్లు ఏర్పాట్లు చేసెను.

1955 లో ఆయన ఈశాన్యమున నఖోన్ ఫనోమ్ ప్రాంతమునకు పోయెను. నూటరెండేండ్ల వృద్ధురాలొకతె ఆయన దర్శనార్థము మూడు తామరపూవులు పట్టుకొని ఉదయమునుండి ఎండలో వేచియుండెను. రాజు వచ్చునప్పటికి ఆ పూలు వాడిపోయెను. ఆమె వానినే పైకెత్తి అర్పించెను. రాజు తన శిరస్సు ఆమె శిరస్సును తాకునంతగా వంగి, చిరునవ్వుతో ఆ పూలవైపు చేయి చాచెను. శిరస్సు పవిత్రమని భావించు దేశమున రాజు అట్లు వంగుట సామాన్యమైన విషయము కాదు. ఆ దృశ్యపు ఛాయాచిత్రము నేటికిని ఇండ్లలో, అంగళ్లలో కనిపించును.

ఆయన కుమార్తె సిరింధోర్న్ రాజకుమారి సంస్కృతము, పాళీ అభ్యసించిన విదుషీమణి. 2017 లో భారత ప్రభుత్వము ఆమెను పద్మభూషణముతో గౌరవించెను.

భూమిబోల్ డెబ్బది సంవత్సరములు రాజుగా నుండి 2016 అక్టోబరు 13 న మరణించెను. ఆయన భౌతికకాయమును రాజభవనమున ఒక సంవత్సరమునకు పైగా ఉంచిరి. ఒక కోటి ఇరువది లక్షలకు మించిన జనులు నల్లని వస్త్రములు ధరించి వరుసలలో నిలిచి ఆయనకు నమస్కరించిరి. 2017 అక్టోబరు 26 న దహనసంస్కారము జరిగెను.

విద్యార్థులారా! ఇంతవరకు చెప్పినది చిత్రమునకు ఒక ప్రక్క. రెండవ ప్రక్కను కూడ చూడనిదే యాత్ర సంపూర్ణము కాదు. ఆ దేశపు శిక్షాస్మృతిలో 112 వ నిబంధన యొకటి కలదు. రాజును, రాణిని, యువరాజును, రాజప్రతినిధిని దూషించినను, అవమానించినను, బెదిరించినను, ఒక్కొక్క నేరమునకు 3 మొదలు 15 సంవత్సరముల వరకు కారాగారశిక్ష విధింపవచ్చును. కావున బయటికి కనిపించు గౌరవములో ఎంత ప్రేమయో, ఎంత భయమో బాటసారి తేల్చి చెప్పజాలడు. 2020 లో విద్యార్థులు వేలకొలదిగా వీథులలోనికి వచ్చి, రాచరికమును సంస్కరింపవలెనని కోరిరి. వారిలో అనేకులపై ఈ నిబంధనక్రింద అభియోగములు మోపిరి. సినిమాశాలలో రాజగీతము వినిపించునపుడు లేవక కూర్చుండు యువకులును ఇప్పుడు కలరు.

ఇందొక విశేషము కలదు. 1873 లోనే ఐదవ రాముడైన చులాలాంగ్‌కోర్న్, తనయెదుట ప్రజలు నేలపై సాగిలపడు ఆచారమును రద్దుచేసెను. బానిసత్వమును తొలగించిన రాజును ఆయనయే. నూరేండ్లు గడచినను ప్రజలు ఆయన విగ్రహమువద్ద గులాబీలుంచి నమస్కరించుచున్నారు. భూమిబోల్ కూడ 2005 లో తన జన్మదినోత్సవ సందర్భమున, రాజును విమర్శింపరాదనుట తగదనియు, రాజును మనుష్యుడే యనియు చెప్పెను. సాగిలపడవలదన్న రాజునకు, విమర్శింపవచ్చునన్న రాజునకు ఆ ప్రజలు అందరికంటె ఎక్కువగా నమస్కరించిరి.

చట్టము మనుష్యుని నోరు మూయింపగలదు, మోకాళ్లు వంపగలదు. కాని వాడిన మూడు తామరలను పట్టుకొని దినమంతయు ఎండలో నిలుచునట్లు చేయజాలదు. శ్యామదేశమున నేను చూచిన గౌరవములో నిలువదగిన భాగమేది అని ఆలోచించినపుడెల్ల, నాకు ఆ వృద్ధురాలును, ఆమెముందు వంగిన రాజును జ్ఞప్తికి వత్తురు.