తుప్పు పట్టిన ఫియట్టు – మాకు నేర్పిన రసాయన శాస్త్రం

(మూడవ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

రైతు ఇంట పుట్టినవాడికి తుప్పు కొత్త కాదు. వానాకాలం వసారాలో మూల పడేసిన గొర్రును వేసవిలో తీసి చూస్తే ఎర్రగా పొడి రాలుతుంది. మా నాయన దాన్ని రాయి మీద గీకి, నూనె గుడ్డతో తుడిచి, మళ్ళీ పనిలో పెడతాడు. అది మాకు పనేగాని పాఠం కాదు. అదే తుప్పు రసాయన శాస్త్ర పుస్తకంలో "లోహక్షయం" అన్న పేరుతో ఎదురైనప్పుడు రెండు సమీకరణాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. తట్టేట్టు చేసింది మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉన్న పాత కారు. ఆ సంగతి తోటి విద్యార్థులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది ఉదయగిరి ప్రాంతంలో ఒక మెట్ట పల్లె. మా తాత చాలా ఏళ్ల కిందట ఒక ప్రీమియర్ పద్మిని కారును సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఊళ్లో ఇప్పటికీ దాన్ని "ఫియట్టు" అనే అంటారు. అందులో తప్పు లేదు. ఇటలీ ఫియట్ కంపెనీ వారి 1100 నమూనానే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారుచేశారు. 1970ల నడుమ దానికి చిత్తోడ్ రాణి పద్మిని పేరు పెట్టారు. ఇంజను 1089 సి.సి. సుమారు 2000 నాటికి తయారీ ఆగిపోయింది. ముంబయి వీధుల్లో నలుపు పసుపు టాక్సీగా తిరిగిన ఆఖరి పద్మినికి కూడా 2023 అక్టోబరుతో గడువు తీరింది.

మా తాత దాన్ని కారుగా వాడింది తక్కువ, బండిగా వాడింది ఎక్కువ. ఆత్మకూరు నుంచి యూరియా, పొటాష్ మూటలు డిక్కీలోను, వెనక సీటు తీసేసి ఆ జాగాలోను వేసుకొచ్చేవాడు. మూట చిరిగి రాలిన ఎరువు ఎక్కడికి పోయిందో ఎవరూ చూడలేదు. అది చాప కిందికి, రేకుల సందుల్లోకి పోయింది.

మూడేళ్ల కిందట ఒక షెడ్డులో పదిహేను రోజులు పెట్టి రంగు వేయించాం. పెళ్లికూతురిలా మెరిసిపోతూ ఇంటికొచ్చింది. ఒక్క వానాకాలం గడిచేసరికి తలుపుల కింద రంగు పొక్కులు లేచింది. పోయిన సంక్రాంతి సెలవుల్లో టైరు మార్చేదానికి నాయన జాకీ పెట్టి తిప్పాడు. కారు పైకి లేవలేదు. జాకీయే కర్రుమని కారులోకి దూరింది. బండి ఒక్కసారిగా కిందికి కూలింది. నట్టు అందుకునేదానికి అప్పుడే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గనుక నాయన వేళ్లు దక్కాయి.

"ఇంక దీంతో పన్లేదురా అబ్బయా. పాత ఇనప సామాన్లవాడికి తోలేద్దాం. చెయ్యి పోతే ఎవరు తెచ్చిస్తారు?" అన్నాడు నాయన.

తాత చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పుట్టీ పెట్టింది వాళ్లు, నమ్మింది మనం. మధ్యలో కారేం చేసింది?" అని లేచి లోపలికి పోయాడు.

ప్రైవేటు కారుకు పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. మా గడువు ఆ ఏడాదిలోనే ఉంది. "ఎండాకాలం సెలవులు నాకియ్యి నాయనా. కాకపోతే అప్పుడే అమ్మేద్దాం" అని అడిగాను. ఒప్పుకున్నాడు.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుందని మనకు తెలుసు. అయితే గాలి బాగా తగిలే చోటే ఎక్కువ తుప్పు పట్టాలి గదా! మా కారులో అట్లా లేదు. ఎండావానా పడే పైకప్పు బాగానే ఉంది. గాలి సోకని మూలలే తినేసి ఉన్నాయి. ఎందువల్ల?

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసిన యు. ఆర్. ఇవాన్స్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని ఒక్క నీటిబొట్టుతో చూపించాడు. ఇనప రేకు మీద ఉప్పునీటి బొట్టు ఉందనుకోండి. బొట్టు అంచున గాలి బాగా అందుతుంది, నడుమ తక్కువ అందుతుంది. గాలి తక్కువైన నడిమి భాగం ఆనోడు అవుతుంది. అక్కడ ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి అయానుగా మారి నీటిలోకి దిగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండా అంచుకు ప్రయాణించి, అక్కడ ఆక్సిజన్, నీటితో కలిసి హైడ్రాక్సిల్ అయాన్లను పుట్టిస్తాయి. ఈ రెండు రకాల అయాన్లు కలిసి ముందు ఫెర్రస్ హైడ్రాక్సైడు, ఆ తర్వాత మరింత ఆక్సిజన్ అంది, నీరు పట్టిన ఫెర్రిక్ ఆక్సైడు ఏర్పడతాయి. అదే మన తుప్పు. అంటే ప్రతి తడి మచ్చా ఒక చిన్న బ్యాటరీ అన్నమాట. గాలి అందని చోట ఇనుము కరిగిపోతూ ఉంటుంది.

కనుక బురద అంటిన చోట, రేకు మీద రేకు ఎక్కిన చోట, పుట్టీ కింద చెమ్మ ఇరుక్కున్న చోట ఎక్కువ నష్టం జరుగుతుంది. పైగా తుప్పు తాను తినేసిన ఇనుముకు రెండింతలకు మించిన జాగా ఆక్రమిస్తుంది. రంగు పొక్కు లేచేది అందుకే. మనకు పొక్కు కనబడేసరికి లోపల పని సగం అయిపోయి ఉంటుంది.

ఇక ఎరువు సంగతి. నాలుగు గాజు గ్లాసుల్లో నాలుగు మేకులు వేసి పది రోజులు చూశాను. మంచినీళ్లలో మేకు మెల్లగా తుప్పు పట్టింది. పొటాష్ కలిపిన నీళ్లలో అంతకన్నా త్వరగా, గ్లాసు అడుగున ఎర్రమడ్డి పేరుకునేంతగా పట్టింది. కాచి చల్లార్చి పైన నూనె పోసిన నీళ్లలో మేకు మెరుస్తూనే ఉంది. నాలుగో మేకుకు పాత టార్చిలైటు బ్యాటరీ పైపొర నుంచి కత్తిరించిన జింకు రేకును గట్టిగా చుట్టి మంచినీళ్లలోనే వేశాను. మేకు బాగుంది, జింకు తెల్లగా పొడిబారింది. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడు. ఆ లవణం గాలిలో చెమ్మను పట్టి ఉంచుతుంది, అయాన్లకు దారి సులువు చేస్తుంది. జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. మా కారు చావుకు కారణమూ, దానికి మందూ ఆ నాలుగు గ్లాసుల్లోనే దొరికాయి.

పైన పటారం, లోన లొటారం

ముందు జబ్బు ఎంతవరకు పాకిందో తెలియాలి. పాత స్పీకరులో అయస్కాంతం తీసి, గుడ్డ చుట్టి, బాడీ అంతా తిప్పాను. ఇనుము ఉన్నచోట పట్టుకుంటుంది. పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. తలుపుల కింద పొడుగునా పెట్టెలాగా ఒక దూలం ఉంటుంది. ఎడమ వైపు దాని మీద జానెడు మేర అయస్కాంతం నిలవలేదు. కుండ కొనేటప్పుడు మోగించి చూస్తాం గదా, అట్లా చిన్న సుత్తితో కొడుతూ పోయాను. మంచి రేకు ఖంగుమంటుంది, చచ్చిన రేకు డబ్బుమంటుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే బొటనవేలు మందాన పుట్టీ ఊడి వచ్చింది. దాని వెనక కుక్కిన గోనెపట్టా, తుప్పుపొడి తప్ప రేకు లేదు. జాకీ దూరింది అక్కడే.

ఇది అందానికి సంబంధించిన విషయం కాదని అప్పుడు అర్థమైంది. లారీకి ఉన్నట్టు పద్మినికి విడిగా చాసీ ఉండదు. బాడీయే దాని ఎముకల గూడు. తలుపుల కింది దూలం పోతే కారు నడుము పోయినట్టే.

కోత, మాటు

బ్యాటరీ విప్పేశాం. పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాం. సీట్లు, చాపలు, అట్టలు అన్నీ తీశాం. నిప్పురవ్వలు ఎగిరే పనిలో ఇది మొదటి జాగ్రత్త. పక్కనే ఒక బిందె నీళ్లు, ఇసుక ఉంచాం. ఒక్కో చోటి నట్లు, బోల్టులు ఒక్కో సీసాలో వేసి చీటీ అంటించాను. ఆ తర్వాత కారును జాకీ మీద కాకుండా గట్టి చెక్క దిమ్మెల మీద నిలిపాం. రెండు దూలాలూ ఒకేసారి కోస్తే బాడీ వంగిపోతుంది, తలుపులు మళ్ళీ పట్టవు. కనుక ఒక పక్క పూర్తిచేశాకే రెండో పక్క ముట్టుకున్నాం.

కోత విషయంలో నేను మొదట లోభించాను. తుప్పు కనబడిన మేరకే కోశాను. అంచులు వేలితో నొక్కితే విరిగాయి. మళ్ళీ కోయాల్సి వచ్చింది. తెల్లగా మెరిసే మంచి ఇనుము తగిలేదాకా పోవాల్సిందే. కుళ్లిన అంచుకు అతికిన మాటు నిలవదు.

కొత్త రేకు 20 గేజిది, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం. వంపులున్న చోట రేకును ఎట్లా వంచాలో తెలియలేదు. ఉదయగిరి చెక్క గరిటెలకు, చెంచాలకు పేరున్న ఊరు, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పని చేసే ఒక పెద్దాయన మా కష్టం విని, దూలం వంపుకు సరిపోయే చెక్క అచ్చు చెక్కిచ్చాడు. దాని మీద రేకును పెట్టి కొయ్య సుత్తితో మెల్లగా కొడితే వంపు దానంతట అదే వచ్చింది. అంచుల్ని ఆకురాయితో సరిచేశాం.

అతుకు మాత్రం మేం చేయలేదు. గేట్లు చేసే ఆర్క్ వెల్డింగుకు ఇంత పలచని రేకు బొక్కలు పడుతుంది. కార్బన్ డయాక్సైడు వెల్డింగు తెలిసిన మేస్త్రిని ఆత్మకూరు నుంచి పిలిపించాం. ఆయన ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క జానెడు దూరాన వేస్తూ, చల్లారనిస్తూ పూర్తిచేశాడు. ఏకబిగిన వేస్తే వేడికి రేకు అలలు తిరుగుతుందట.

కరక్కాయ రసం

కోయాల్సినంత చెడకుండా పైపైన తుప్పున్న చోట తీగ బ్రష్షుతో, ఉప్పు కాగితంతో గీకాం. గుంటల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లం పూశాం. అది తుప్పును ఇనుము ఫాస్ఫేటుగా మారుస్తుంది. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా పెద్దగా తుప్పు పట్టకుండా నిలవడానికి, దాని ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండి పైన రక్షణ పొర ఏర్పడటం ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. సూత్రం దగ్గరిదే.

ఇది చూసి మా జేజి, "కత్తితో కరక్కాయ కోస్తే కత్తి నల్లబడుద్ది, ఆ నలుపు ఒక పట్టాన పోదు" అంది. కరక్కాయల కషాయం కాచి తుప్పు రేకు ముక్క మీద పూశాను. ఎరుపు పోయి నీలి నలుపు వచ్చింది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి ఫెర్రిక్ టానేట్ అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్లతో నల్లరంగు తెచ్చేది ఈ చర్యతోనే. బజారులో అమ్మే తుప్పు మందులు కొన్నింటిలో ఉండేదీ టానిక్ ఆమ్లమే. అయినా మా కషాయాన్ని కారు మీద వాడలేదు. దాని బలం ఎంతో కొలవలేదు గనుక ముక్క మీదే ఆపాను.

రంగు, తూములు

కడిగి ఆరబెట్టిన రేకుకు ముందు జింకు ఉన్న ప్రైమరు వేశాం. నాలుగో గ్లాసు పాఠం ఇదే. దాని మీద పలచగా పుట్టీ, నునుపు చేశాక రంగు. గేట్లకు వేసే రెడాక్సైడు కూడా ఫెర్రిక్ ఆక్సైడే, అంటే రసాయనికంగా తుప్పుకు అన్నదమ్ముడే. తేడా ఏమిటంటే అందులో ఆ పొడి నూనెలోనో రెజిన్‌లోనో బిగిసి ఉంటుంది. అయినా ఒక్క రెడాక్సైడు పూసి వదిలేస్తే చాలదు, నీటి చెమ్మ దాని గుండా పోతుంది.

ఒక తప్పు చెప్పుకోవాలి. కుడి మడ్‌గార్డుకు, వాన వెలిసిన మర్నాడే తొందరపడి రంగు కొట్టాను. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుము మీద తుప్పు వేగం బాగా పెరుగుతుంది. ఆ రేకు నా కంటికి పొడిగా ఉంది, అంతే. రెండు నెలల్లో పొక్కింది. అది మళ్ళీ గీకి చేసుకున్నాను. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ గనుక ఈ పనికి మాఘం నుంచి వైశాఖం దాకా మంచి కాలం.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఆఖర్న తెలిసింది. తలుపుల అడుగున, దూలాల అడుగున చిన్న చిన్న బెజ్జాలుంటాయి. అవి పొరపాటున పడ్డవి కావు. లోపలికి దిగిన వాననీరు బయటికి పోయే తూములు. సగం బురదతో పూడిపోయాయి. మిగిలిన సగాన్ని, "బొక్కలెందుకు" అనుకున్నారేమో, పుట్టీ పెట్టి మూసేశారు. నీళ్లు పోయే దారి లేక ఎరువు కలిసిన నీరు ఏళ్ల తరబడి లోపలే నిలిచింది. తూములన్నీ తెరిచి, లోపల మైనం కలిపిన నూనె చిమ్మాం. నాయన అవి చూసి, "చేనికి మురుగు కాలవ పూడిస్తే పైరు బతకతదా? ఇదీ అంతే" అన్నాడు. నా పుస్తకంలోని అధ్యాయమంతా ఆ మాటలో ఉంది.

కారు తనిఖీలో నెగ్గింది. నాయన మళ్ళీ జాకీ పెట్టి ఎత్తి చూశాడు. ఈసారి కారే లేచింది. తాత ఏమీ అనలేదు. ముందు సీట్లో కూర్చుని, "ఆత్మకూరు దాకా పోయొద్దాం పద" అన్నాడు. ఎరువుకు మాత్రం ఇప్పుడు ట్రాక్టరే పోతుంది.

మిత్రులారా! తుప్పు మీద రంగు పూయడం తేలిక, చూపుకు బాగుంటుంది, ఒక వానాకాలం దాకా ఎవరికీ తెలియదు. ఆ తర్వాత దాని ఖరీదు ఎవరి చెయ్యో కావచ్చు. మీ ఇళ్లలో మోపెడో, ట్రాక్టరు ట్రాలీయో, నీళ్ల ట్యాంకరో ఉండే ఉంటుంది. ఈ సెలవుల్లో ఒక అయస్కాంతం, చిన్న సుత్తి తీసుకొని దాని చుట్టూ ఒకసారి తిరగండి. డబ్బుమన్న చోట ఆగండి. ముందు తూము వెతకండి, రంగు డబ్బా సంగతి తర్వాత చూద్దాం.