డీజిల్ టోయింగ్ బండి కొందామంటున్న చెల్లికి

ఈవీలు ఇంత వేగంగా వచ్చేస్తుంటే ఇప్పుడు డీజిల్ బండి మీద డబ్బు పెట్టొచ్చా అక్కా అని అడిగావు చూడు, ఆ ఒక్క మాటలోనే నీ దిగులంతా తెలిసిపోయింది నాకు. మరిదిగారు ఇన్నేళ్ళూ ఇంకొకరి బండి నడిపారు. హైవే మీద ఆగిపోయిన కార్లను ఎక్కించుకొచ్చి షెడ్డుల్లో దించారు. ఇప్పుడు సొంతంగా ఒక టోయింగ్ బండి వేసుకుందామంటున్నారు. నీకేమో టీవీ పెడితే కరెంటు కార్లు, వీధిలోకి వస్తే కరెంటు స్కూటర్లు. లక్షలు పోసి కొన్న బండిని నాలుగేళ్ళకే అడిగేవాళ్ళు లేకపోతే పిల్లల చదువులేం కావాలని నీ బాధ. ఇల్లు నడిపే ఆడది అలాగే ఆలోచించాలి. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని నాకు తెలిసినదంతా చెబుతాను, విను.

ముందు డీజిల్ మాట తేల్చేద్దాం. టోయింగ్ పనికి వేళాపాళా ఉండదని నీకు నేను చెప్పాలా? రాత్రి రెండింటికి సూర్యాపేట దగ్గర్నుంచి ఫోను వస్తుంది. ఆ కారును హైదరాబాదులో దించేసరికి తెల్లారుతుంది, ఇంటికి బయల్దేరేలోపే చౌటుప్పల్ నుంచి ఇంకో కాల్. ఇవాళ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామో పొద్దున లేచి చెప్పలేని పని ఇది. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద కరెంటు లారీలకూ రాయితీ పెట్టింది. మూడున్నర టన్నులు దాటిన లారీలకు, ఒక్కోదానికి గరిష్ఠంగా 9.6 లక్షలు. పాత లారీని తుక్కుకు వేసిన సర్టిఫికెట్ ఉండాలన్నది షరతు. గోదాము నుంచి గోదాముకు రోజూ ఒకే దారిలో తిరిగే బండికి అది బాగా కలిసొస్తుంది. ఏ పక్కకు పరుగెత్తాలో తెలియని మన పనికి మాత్రం ఇవాళ్టికి డీజిలే నమ్మకం. ఇది నా అభిప్రాయం, గట్టిగానే చెబుతున్నాను.

ఇక రోడ్డు మీది కార్ల సంగతి. 2024-25లో దేశమంతటా అమ్ముడైన కార్లలో ఈవీలు నూటికి మూడు కూడా లేవు. ఆ తర్వాత జోరు పెరిగింది, ఇంకా పెరుగుతుంది. తెలంగాణలోనైతే 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా చేశారు కదా, హైదరాబాదులో కొనేవాళ్ళకు అది చిన్న ఆశ కాదు. అయినా నిన్న కొన్న పెట్రోలు కారు ఇంకో పదేళ్ళు తిరుగుతుంది. దాని క్లచ్ కాలుతుంది, రేడియేటరు కారుతుంది, దాన్ని ఎవరో ఒకరు ఎక్కించుకుని రావాలి.

మరి ఈవీ ఆగిపోదా? ఎందుకు ఆగదమ్మా! అది ఆగినప్పుడే మీ బండికి అసలు పరీక్ష.

మొన్నామధ్య విజయవాడ వెళుతూ నందిగామ దగ్గర టీకి ఆగాం. ఎదురుగా ఒక పెద్ద ఈవీ కదలకుండా ఉంది. పెద్ద బ్యాటరీలో ఛార్జింగు సగానికి పైనే ఉందట, పోయింది మాత్రం లోపలి చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది పోతే స్క్రీన్ వెలగదు, గేరు న్యూట్రల్‌లోకి రాదు, ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకు వదలదు. చక్రాలు బిగుసుకుపోయి నలుగురు తోసినా కదల్లేదు. రికవరీ బండి మీద వచ్చిన కుర్రాడికి పని బాగా తెలుసు. బానెట్ ఎత్తి, తనతో తెచ్చుకున్న జంప్ స్టార్టరు తగిలించాడు. కాసేపటికి స్క్రీన్ వెలిగింది. న్యూట్రల్‌లో పెట్టి, ముందు బంపరుకున్న చిన్న మూత ఊడదీసి, డిక్కీలోంచి హుక్కు తెచ్చి మర తిప్పి బిగించాడు. బెడ్డును వెనక్కి జరిపి నేలకు వాల్చాడు. అక్కడితో లాగేస్తాడనుకున్నాను. లాగలేదు. రోడ్డు మీద పడుకుని కారు అడుగు చూశాడు, రెండు చెక్క పలకలు తెచ్చి చక్రాల ముందు పెట్టి వాలు తగ్గించాడు. బ్యాటరీ అంతా ఆ అడుగునే కదా ఉండేది, అది బెడ్డు అంచుకు గీసుకుంటే ఎంత నష్టం! ఆ తర్వాతే వించ్ ఆన్ చేసి అంగుళం అంగుళం పైకి లాగాడు. పైకి చేరాక బెల్టులన్నీ చక్రాలకే వేసి బిగించాడు. కారు ఓనరు భార్య చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడి ప్రతిదీ చూస్తోంది. చివరికి ఆ కుర్రాడి నంబరు అడిగి తన ఫోనులో వేసుకుంది.

ఇదే పని పాత పద్ధతిలో, ముందు చక్రాలు పైకెత్తి వెనక చక్రాల మీద ఈడ్చుకెళ్ళే బండితో చేయడం ఈవీకి ప్రమాదం. మోటారుకు కలిసిన చక్రం నేల మీద తిరిగితే మోటారూ తిరుగుతుంది, మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది. వేడెక్కి మోటారో, దాన్ని నడిపే ఇన్వర్టరో పాడైపోవచ్చు. అందుకే ఈవీల మాన్యువళ్ళలో ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించే తీసుకెళ్ళమని రాస్తారు. అంటే చెల్లీ, ఈవీలు పెరిగేకొద్దీ నష్టపోయేది డీజిల్ బండి కాదు, ఈడ్చుకెళ్ళే బండి. మరిదిగారు తక్కువకు వస్తోందని సెకండ్‌హ్యాండ్ వీల్ లిఫ్ట్ బండి చూశారన్నావే, దాన్ని మాత్రం వద్దను. నా మాటగా చెప్పు.

బరువు కూడా చూసుకోవాలి. పెద్ద ఈవీలు రెండు టన్నుల దరిదాపుల్లో ఉంటున్నాయి. ఆర్సీలో రాసిన మొత్తం బరువులోంచి బెడ్డు, వించ్, పంపు అన్నీ బిగించాక ఉండే ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు మోయగలిగింది. బాడీ కట్టేవాళ్ళు బెడ్డు గట్టిగా ఉండాలని ఇనుము దట్టంగా వేస్తారు, ఆ మేరకు మోసే బరువు తగ్గిపోతుంది. అలాగని మరీ పెద్ద బండికీ పోవద్దు. మామూలు కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు మొత్తం బరువున్న రవాణా వాహనం నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చి చెప్పింది. ఆ లోపు బండయితే రేపు మరిదిగారికి జ్వరం వచ్చినా మీ తమ్ముడు తీసుకెళ్ళగలడు. హెవీ లైసెన్సున్న డ్రైవరు కోసం వెతుక్కోనక్కర్లేదు.

నీళ్ళలో మునిగిన ఈవీల గురించి విడిగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాంగా, నీళ్ళు తీసేసరికి కార్లు, ఆటోలు, బైకులు ఏ వీధి చూసినా బురదలోనే. టోయింగ్ బండి దొరకడమే గగనమైంది. అలాంటి చోట ఈవీ కనిపిస్తే మరిదిగారు ఆన్ చేసి చూడకూడదు, ఛార్జింగు పెట్టకూడదు, ఆరెంజ్ రంగు కేబుళ్ళ జోలికి అసలే పోకూడదు. తెచ్చాక షెడ్డులో మిగతా బండ్ల పక్కన పెట్టకుండా ఆరుబయట కనీసం యాభై అడుగుల ఎడంగా ఉంచాలి. నీళ్ళు చొరబడ్డ బ్యాటరీ ఆ రోజు బాగానే ఉన్నట్టుండి, రోజులు గడిచాక కూడా అంటుకోవచ్చు. బ్యాటరీకి దెబ్బ తగిలిన యాక్సిడెంటు ఈవీకీ ఇదే జాగ్రత్త. రబ్బరు గ్లౌజులు కూడా హై వోల్టేజీకి పనికొచ్చేవే కొనాలి. మామూలువి చాలవు. ఈ ఒక్క ఖర్చులో పొదుపు చేయనివ్వకు, నీ పసుపుకుంకుమల మాట ఇది.

ఈవీల వల్ల పని తగ్గే వైపు కూడా ఉంది, దాచను. క్లచ్ లేదు, టైమింగ్ బెల్టు లేదు, ఇంజిన్ ఆయిల్ లేదు, కాబట్టి ఇంజిను చెడి వచ్చే కాల్స్ కొన్ని రావు. పంక్చరుకూ చిన్న బ్యాటరీకీ బైకు మీద వచ్చే మెకానిక్ చాలు. యాక్సిడెంట్లు, వరదలు, ఛార్జింగు అయిపోయి నడిదారిలో ఆగడాలు మాత్రం ఉంటాయి. హైవే మీద 1033కు ఫోను చేస్తే టోల్ వాళ్ళ క్రేను వస్తుంది, కానీ అది మామూలుగా రోడ్డుకు అడ్డం తీసి పక్కన పెట్టేవరకే. అక్కడి నుంచి షోరూముకో ఇంటికో చేర్చేది మీలాంటి వాళ్ళే.

ఇప్పుడు డీజిల్ బండిలోనే ఉన్న తలనొప్పి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చేవన్నీ బీఎస్-6. వాటి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. హైవే మీద బాగా వేడెక్కి పరుగెత్తితే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. టోయింగ్ బండి సగం పని నిలబడి చేస్తుంది, బెడ్డు దించాలన్నా వించ్ లాగాలన్నా ఇంజిను ఆడుతూనే ఉండాలి. ఊళ్ళో చిన్న కిరాయిలే ఎక్కువైతే ఫిల్టరు మూసుకుపోతుంది. లైటు వెలగగానే ఆ మసిని కాల్చే రీజనరేషన్ చేయించాలి, రేపు చూద్దామనుకుంటే ఖర్చు పెరిగిపోతుంది. యాడ్‌బ్లూ ద్రవం వాడే బండి అయితే అది మంచిదే పోయించాలి. అది అడుగంటితే ఇంజిను బలం తగ్గిపోతుంది, అదీ బెడ్డు మీద బరువున్నప్పుడు! ఈ గొడవ లేదని పాత బీఎస్-4 చూస్తారేమో. కొత్త రవాణా బండికి మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి ఫిట్‌నెస్, తర్వాత ఏటేటా. పాత బండి కొన్న కొద్ది రోజులకే ఆ ఏటేటా తిరుగుడు మొదలవుతుంది. బాడీ మార్చిన సంగతి ఆర్సీలో ఎక్కిందో లేదో కూడా చూడండి. సరుకుల లారీ అని రాసి ఉండి పైన రికవరీ బెడ్డు ఉంటే, రేపు యాక్సిడెంటులో ఇన్సూరెన్సు దగ్గర పేచీ మీ మెడకు చుట్టుకుంటుంది.

అప్పు సంగతి నీతోనే మాట్లాడాలి. ఇరవై లక్షలు, 11 శాతం వడ్డీ అనుకుందాం. ఏడేళ్ళకయితే కిస్తీ నెలకు 34 వేల పైచిలుకు, ఐదేళ్ళకయితే 43,500 దాకా. ఏడేళ్ళది తేలిగ్గా కనిపిస్తుంది, కానీ వడ్డీ కింద రెండున్నర లక్షల పైన ఎక్కువ కడతారు. అంతకంటే ముఖ్యం, ఏడేళ్ళకు రోడ్డు ఎలా ఉంటుందో, అప్పటికి కరెంటు లారీలు ఎంత దూరం పోతాయో! ఐదేళ్ళు దాటి అప్పు వద్దు. కిస్తీ బరువనిపిస్తే బండి ధర తగ్గించుకోండి, గడువు పెంచుకోకండి. మీ అమ్మ పెట్టిన గొలుసు బ్యాంకులో పెడదామంటే ఒప్పుకోకు తల్లీ. ఇన్సూరెన్సు కంపెనీలు, రోడ్‌సైడ్ అసిస్టెన్సు వాళ్ళు పని చేసిన రోజే డబ్బివ్వరు. బిల్లులు నెలలు నిలిచిపోయినప్పుడు కిస్తీ ఆగకుండా కాపాడేది ఆ గొలుసే. దాన్ని మొదటి రోజే పెట్టేస్తే ఆ నెల ఎక్కడికి పోతావు? బండి నీ పేరున ఉండాలని కూడా అడుగు. పుస్తకాలు, బిల్లులు చూసేది నువ్వేనాయె.

ఆషాఢంలో అడ్వాన్సు ఇవ్వొద్దని మీ అత్తగారు అంటున్నారన్నావుగా, ఆవిడ మాటే కానీ. ఈలోగా మరిదిగారు ఇప్పుడు నడుపుతున్న బండికి వచ్చే ప్రతి కాల్ ఒక నోటుబుక్కులో రాయించు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఖాళీగా ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, కిరాయి ఎంత, డబ్బు ఏ రోజు చేతికొచ్చింది, ఆగింది ఏ కారు, ఈవీనా కాదా. ఈ పనిలో డబ్బు కారిపోయేది ఖాళీ కిలోమీటర్లలోనే, అది అంకెల్లో కనబడాలి. బాడీ షాపుకు వెళ్ళేటప్పుడు నువ్వూ వెళ్ళు. బెడ్డు పూర్తిగా దించి, అడుగు తక్కువ ఎత్తున్న కారును ఒకదాన్ని మీ ముందే ఎక్కించి చూపించమనండి. శ్రావణంలో ఆ నోటుబుక్కు తీసుకుని ఇద్దరూ బ్యాంకు మేనేజరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళే ముందు ఒకసారి నాకు ఫోను చెయ్యి, లెక్కలు కలిసి చూద్దాం.