రోజూ వేసుకునే బిళ్ళ కార్డులో రాదు, మరి ఎక్కడ వస్తుంది?

ఈసారి జబ్బు గురించి కాదు, మందులకయ్యే డబ్బు గురించి రాస్తున్నాను. వార్డులో అడుగుపెట్టిన నాటి నుండి వింటున్న మాట ఒకటుంది. "బిళ్ళలు అయిపోనాయి సిస్టరమ్మా, పించను వచ్చినాక కొనుక్కుందారని ఊరుకున్నాను."

కిందటి వానాకాలంలో డెబ్బై దాటిన ఒక మామ్మను ఆటోలో తీసుకొచ్చారు. మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి లేవటం లేదు. బీపీ 210 ఉంది. కోడలు తెచ్చిన మందుల డబ్బా తెరిచి చూస్తే బీపీ బిళ్ళలన్నీ సగానికి విరిచి ఉన్నాయి. రోజు విడిచి రోజు, అదీ సగం బిళ్ళ వేస్తున్నారట. ఎందుకమ్మా ఇలా చేశారని అడిగితే, "నెలంతా సరిపోవాల కదమ్మా" అంది ఆ కోడలు. వైద్యం కార్డు మీదే జరిగింది, చేతి డబ్బు పెద్దగా పడలేదు. కాని ఆ చెయ్యి మునుపటిలా కాలేదు. ఆమె వాడే బిళ్ళ వాళ్ళ ఊరి హెల్త్ క్లినిక్‌లోనే ఉచితంగా ఇస్తారు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అంతకు ముందు రెండుసార్లు ఆమె ఓపీకి వచ్చినప్పుడు మేమూ చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

కార్డు వైద్యం మన శ్రీకాకుళం జిల్లాకు కొత్త కాదు. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీని మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మనదొకటి. మిగతావి అనంతపురం, మహబూబ్‌నగర్. తరువాత పేర్లు మారాయి. 2024 నుండి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పేరు ఏదైనా పని ఒకటే. ఆపరేషన్‌కో, పెద్ద జబ్బుకో ఆసుపత్రిలో చేర్చుకుంటే ఆ ఖర్చు చూసుకుంటుంది. కేంద్రం కూడా 2024 అక్టోబరు 29 నుండి ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్ళు నిండిన వారందరికీ వర్తింపజేసింది. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం. ఆదాయంతో పని లేదు, ఆధార్‌తో నమోదు చేస్తారు. వివరాలకు 14555కి ఫోను చేయవచ్చును. చేరటానికి 3 రోజుల ముందు నుండి, ఇంటికి పంపాక 15 రోజుల వరకు మందులు అందులోనే వస్తాయి.

మరి 16వ రోజున? బీపీ, షుగరు బిళ్ళలు పదిహేను రోజులతో అయ్యేవి కావు, బ్రతికినంత కాలం వేసుకోవలసినవి. ఇక్కడే మన పెద్దలు పొరపాటు పడుతున్నారు. "నాకు కార్డుంది సిస్టరమ్మా" అంటూ మందుల చీటీతో పాటు కార్డు చాపుతారు. ఆ కార్డు మంచం ఎక్కిన వారికే గాని ఓపీ చీటీకి పనికిరాదు. అమెరికాలో పిల్లలున్న మన సంఘస్థులు కొందరు అక్కడి పద్ధతి చెబుతుంటారు. అక్కడ మెడికేర్‌లో 2006 నుండి రోజువారీ మందులకు కూడా బీమా ఉంది, రాబడి తక్కువున్న వృద్ధులకు దాని పైన అదనపు సాయమూ ఉంది. మన దగ్గర కార్డు అలా పని చేయదు. మన దగ్గర మందు చేతికే ఇస్తారు, కాని అది ఇచ్చే చోటికి మనం వెళ్ళాలి.

కార్డులోనే ఒక మినహాయింపు ఉంది. కొన్ని జబ్బులకు వైద్యం అయ్యాక ఏడాది పాటు పరీక్షలు, మందులు కలిపి ఫాలోఅప్ ప్యాకేజీ ఉంటుంది. మీ జబ్బు అందులో ఉందో లేదో ఇంటికి వెళ్ళేలోపే, డిశ్చార్జి రోజునే ఆసుపత్రిలోని కార్డు డెస్కు దగ్గర అడగండి. అడగక పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

ఇక ఉచిత మందులు. మీ ఊరి హెల్త్ క్లినిక్, అనగా మనం సబ్‌సెంటరు అనే దానికి, లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. కొన్ని చోట్ల ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని బోర్డు ఉంటుంది. ఆధార్, పాత మందుల చీటీ, ఖాళీ అయిన బిళ్ళల అట్ట పట్టుకెళ్ళండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వంటివి అక్కడ ఇచ్చే మందులే. 104 బండి 2008 నుండి మన ఊళ్ళకు వస్తున్నదే. 2020లో మండలానికి ఒకటి చొప్పున కొత్తవి ఇచ్చారు. అది వచ్చే రోజు ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. కొబ్బరి తోటకో, ఉపాధి పనికో ఆ రోజు పోకుండా ఉంటే నెల మందులు ఇంటి దగ్గరే అందుతాయి. ఒక్కొక్కసారి స్టాకు ఉండదు, దాచి చెప్పను. అప్పుడు బిళ్ళ మానేయకండి. ఆ నెలకు మాత్రం కొనండి.

కొనవలసివస్తే జనౌషధి కేంద్రం చూడండి. 2008లో మొదలైన ఈ దుకాణాలు 2025 జనవరికి దేశంలో 15,000 అయ్యాయి. పేరున్న కంపెనీ మందుతో పోలిస్తే ధర 50 నుండి 80 శాతం తక్కువ. "తక్కువ రేటు మందు పని చేస్తాదా?" అని అందరూ అడుగుతారు. మీ బిళ్ళల అట్ట తిప్పి చూడండి. పెద్ద అక్షరాలతో ఉన్నది కంపెనీ పెట్టిన పేరు, చిన్న అక్షరాలతో ఉన్నది అసలు మందు పేరు. బియ్యం సంచి మీద బొమ్మ మారినంత మాత్రాన బియ్యం మారవు కదా. ఈ మందులను గుర్తింపు పొందిన ల్యాబుల్లో పరీక్షించాకే దుకాణాలకు పంపుతారు. అయితే మూర్ఛకు, థైరాయిడ్‌కు, రక్తం పలుచబడటానికి బిళ్ళలు వేసుకునేవారు డాక్టరుగారిని అడగకుండా కంపెనీ మార్చవద్దు. మిల్లీగ్రాముల అంకె కూడా చీటీలో ఉన్నదే ఉండాలి. చదువుకున్న మనవడో మనవరాలో ఇంట్లో ఉంటే ఈ పని వారికి అప్పగించండి.

మరొక సంగతి. 2025 సెప్టెంబరు 22 నుండి మందుల మీద జీఎస్టీ 12 నుండి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు అచ్చయిన అట్ట మీద పాత ధర ఉంటే, బిల్లు అడిగి చూసుకోండి.

ఉద్దానం వైపు వారికి ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఇళ్ళు కూల్చిందో మీకు నేను చెప్పనక్కరలేదు. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. కాని ఆ ఊళ్ళ నుండే ఒళ్ళు నొప్పులకు దుకాణంలో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చుకు మింగేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. అవి కిడ్నీకి చేటు. డబ్బు పెట్టి కొనుక్కునే మందుల్లో ముందు మానవలసినవి అవే.

60 నిండినవారికి వృద్ధాప్య పింఛను 2014లో 1,000 రూపాయలు అయింది, 2024 జూలై నుండి 4,000 ఇస్తున్నారు. బీపీ, షుగరు బిళ్ళలు ఉచితంగా తెచ్చుకుంటే ఆ డబ్బులో గుడ్డుకీ, పాలకీ కొంత మిగులుతుంది. పింఛను ఇంట్లో ఎవరి చేతికి పోతుందో ఆ గొడవలోకి నేను వెళ్ళను. కోడళ్ళకు మాత్రం ఒక మాట. అత్తమ్మ డబ్బాలో బిళ్ళలు వారానికొకసారి లెక్కపెట్టండి. ఎక్కువ మిగిలితే ఆమె మానేస్తున్నట్టే.

ఈ నెల నుండి మన ఓపీలో బీపీ చూసే బల్ల దగ్గర ఒక సిస్టరును పెట్టాము. మీ మందుల అట్టలు సంచిలో వేసుకొని రండి. ఏది హెల్త్ క్లినిక్‌లో దొరుకుతుందో, ఏది జనౌషధిలో కొనాలో అట్ట మీదే తెలుగులో రాసి ఇస్తారు. పైన చెప్పిన మామ్మకు ఇప్పుడు 104 బండి దగ్గర కోడలే మందులు తీసుకుంటోంది. పోయిన వారం చూపించుకోవటానికి వచ్చారు. బీపీ 140 ఉంది. బిళ్ళలు విరవకుండా డబ్బాలో నిండుగా ఉన్నాయి.