డిజిటల్ టెలివిజన్ – ఏంటెన్నాల పొందిక

“మంది ఎక్కువైతే మజ్జిగ పలచన” అను సామెత మనకు క్రొత్తది కాదు. దీనికిని విజ్ఞానశాస్త్రమునకును సంబంధమేమని విద్యార్థులు అడుగవచ్చును. ఇంటిపై నున్న ఒక ఏంటెన్నాతో టెలివిజన్ బొమ్మ సరిగా రానప్పుడు, రెండవదానిని తెచ్చి తగిలించిన చాలునని అనేకులు తలంతురు. రెండు కలిసిన బలము రెట్టింపగునా? లేక ఉన్న బలము కూడ పోవునా? ఈ ప్రశ్నను తరంగ ధర్మముల వెలుగులో పరిశీలింతము.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైన పిదప మన ఇండ్ల కప్పులపై వెలసిన, చేపముల్లు వంటి ఏంటెన్నాలను పెద్దలు ఎరుగుదురు. ఆ రూపమును 1926లో జపాను దేశీయులైన హిడెట్సుగు యాగి, షింటారో ఉడాలు లోకమునకు అందించిరి. ఆనాటి అనలాగ్ ప్రసారములో సంకేతము బలహీనమైనచో తెరపై చుక్కలు పడెడివి. కొండలకో, భవనములకో తగిలి ఆలస్యముగా వచ్చిన తరంగము అసలు బొమ్మ ప్రక్కన నీడబొమ్మను చూపెడిది. అయినను చూచువారు సరిపెట్టుకొనెడివారు. డిజిటల్ ప్రసారములో అట్టి సర్దుబాటు లేదు. సంకేతము ఒక హద్దునకు పైన నున్నంతవరకు బొమ్మ నిర్మలముగా నుండును. హద్దు దాటి క్రిందికి జారినచో ముక్కలు ముక్కలై, చివరకు మాయమగును.

ఇంటి ఏంటెన్నాతోనే డిజిటల్ ప్రసారములను ఉచితముగా అందుకొను కుటుంబములు అమెరికాలో నేటికిని ఉన్నవి గనుక ఆ దేశమును ఉదాహరణగా గ్రహింతము. అచ్చటి పూర్తిశక్తి కేంద్రములు 2009 జూన్ 12 నాటికి అనలాగ్ ప్రసారములను విరమించినవి. ఆ డిజిటల్ పద్ధతిలో సంకేతము, దానితో కలిసి వచ్చు రొదకంటె సుమారు 15 డెసిబెల్స్, అనగా దాదాపు 30 రెట్లు, బలముగా ఉండవలెను. హద్దున నున్న ఇంటికి రెండు మూడు డెసిబెల్స్ తేడాయే బొమ్మ వచ్చుటకు, రాకపోవుటకు కారణమగును. నెలనెలా కేబుల్ రుసుము చెల్లింపలేని కుటుంబము తుఫాను హెచ్చరికను చూచుటయో, చూడకపోవుటయో అంతమాత్రముపై ఆధారపడి యుండును.

ఇక రెండు ఏంటెన్నాల సంగతి చూతము. 600 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యము గల తరంగము పొడవు గాలిలో 50 సెంటీమీటర్లు. రెండు ఏంటెన్నాలు అందుకొన్న తరంగములలో శిఖరముతో శిఖరము కలిసినచో బలము పెరుగును. ఒకటి సగము తరంగము వెనుకబడినచో శిఖరము లోయలో పడి రెండును రద్దగును. గాలిలో 25 సెంటీమీటర్ల తేడా ఇందుకు చాలును. కేబులులో తరంగవేగము తక్కువ గనుక ఇంకను తక్కువ తేడాయే చాలును. కావున ఒకే రకపు ఏంటెన్నాలను ఒకే దిక్కునకు త్రిప్పి, సమానమైన పొడవు గల కేబులులతో కలుపవలెను. అప్పుడు సైతము లభించు గరిష్ఠలాభము 3 డెసిబెల్స్ మాత్రమే. అందులో కొంత సంధి పరికరమే హరించును.

రెండు ఊళ్ళ కేంద్రముల కొరకు ఏంటెన్నాలను రెండు దిక్కులకు త్రిప్పి ఒకే తీగకు కలుపుట రెండు పడవలపై కాళ్ళు పెట్టుట వంటిది. ఒక ఏంటెన్నాకు మాత్రమే అందిన సంకేతములో సగము సంధి పరికరములోనే వ్యర్థమగును. పైగా రెండవ ఏంటెన్నా అవే తరంగముల ప్రతిఫలనములను ఆలస్యముగా తెచ్చి కలుపును. ఆనాటి నీడబొమ్మను మన చేతులతో మనమే కొని తెచ్చుకొన్నట్లగును.

అట్లయిన బహు ఏంటెన్నాలు నిష్ప్రయోజనములా? కావు. మూడు మార్గములు గలవు. మొదటిది, పట్టీలను బట్టి పని పంచుట. అమెరికాలో 7 నుండి 13 వరకు గల చానెళ్ళు 174–216 మెగాహెర్ట్జ్‌లోను, 14 నుండి 36 వరకు గలవి 470–608 మెగాహెర్ట్జ్‌లోను ఉండును. ఒక్కొక్క పట్టీకి ఒక్కొక్క ఏంటెన్నా నుంచి, పట్టీలను వేరుపరచు పరికరముతో కలిపినచో ఒకటి మరియొకదానికి అడ్డురాదు, నష్టమును స్వల్పము. రెండవది, దిక్కునకొక ఏంటెన్నా నుంచి, స్విచ్చితో కావలసినదానినే ఎన్నుకొనుట. మూడవది, ఏంటెన్నాకొక గ్రాహకము నమర్చి, తరంగములను సరిదిద్ది, బలమైనదానికి ఎక్కువ విలువ నిచ్చి కలుపుట. జపానులో కార్ల టెలివిజన్‌లకు నాలుగేసి ఏంటెన్నాలు అమర్చుట ఈ పద్ధతిననుసరించియే.

ఇంతకు ముందు చేయవలసిన పని మరొకటి కలదు. ఉన్న ఏంటెన్నాను కొన్ని అడుగులు ప్రక్కకు జరిపి, ఎత్తు మార్చి చూడవలెను. ప్రతిఫలిత తరంగముల కలయిక చోటు చోటునకు మారును గనుక, కొన్ని అడుగుల కదలికయే రెండవ ఏంటెన్నా ఖర్చును తప్పింపగలదు. కేవలము ఏంప్లిఫయరును తగిలించినచో సంకేతముతోపాటు రొదయు పెరుగునని మరువరాదు.

విద్యార్థులు ఒక తొట్టెలో నీరు నింపి, రెండు వ్రేళ్ళతో ఒకేసారి తాటించి చూతురు గాక. అలలు కొన్నిచోట్ల ఎగయును, కొన్నిచోట్ల అణగును. ఏంటెన్నాల రహస్యమంతయు ఆ నీటిలోనే కలదు. ఇచ్చట సంఖ్యకంటె పొందికయే ప్రధానము; బృందగానములో గొంతులెన్ని యున్నను తాళము కలిసినపుడే పాట యగును గదా!